ఫలాపేక్ష లేని ఆరాధన: ఫెనెలోన్, బొస్సుయే వివాదంపై ఒక పరిశీలన

దేవుణ్ణి ఆయన కోసమే ప్రేమించగలమా, లేక మన మేలు కోసమేనా? 17వ శతాబ్దం చివర ఫ్రెంచి కథోలిక సంఘాన్ని రెండుగా చీల్చిన ప్రశ్న ఇది. వివాదం 1699 మార్చి 12న పోప్ 12వ ఇన్నోసెంట్ తీర్పుతో ముగిసింది. ఆ తీర్పు నిష్కామ ప్రేమను కొట్టివేసిందని చాలామంది అనుకుంటారు. నా పరిశీలనలో అది అంతదూరం వెళ్ళలేదు.

ప్రశ్న అంతకుముందునుంచీ ఉంది. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ప్రేమకు నాలుగు మెట్లు చెప్పాడు: తన కోసం తననే ప్రేమించుకోవడం, తన కోసం దేవుణ్ణి ప్రేమించడం, దేవుని కోసం దేవుణ్ణి ప్రేమించడం, చివరకు దేవుని కోసమే తనను ప్రేమించుకోవడం. ఈ శరీరంలో ఉండగా చివరి మెట్టు ఎవరికైనా అందితే అది ఎప్పుడో ఒకసారి, క్షణకాలమేనని కూడా ఆయనే అన్నాడు. ఫ్రెంచి రాజు 9వ లూయీ చరిత్ర రాసిన జ్వాన్‌విల్ దమస్కులో కనిపించిన ఒక వృద్ధురాలి సంగతి చెబుతాడు. ఆమె ఒక చేత నిప్పు, మరో చేత నీళ్ళు పట్టుకొని వెళ్తోంది. పరలోకాన్ని కాల్చేసి, నరకాన్ని ఆర్పేస్తే మనుషులు దేవుణ్ణి ఆయన కోసమే ప్రేమిస్తారని ఆమె ఆశ. బస్రాకు చెందిన రాబియా గురించి సూఫీలు చెప్పుకొనే కథ కూడా దాదాపు ఇదే. 1641లో బిషప్ ఝాన్ పియేర్ కమ్యూ ఆ దమస్కు స్త్రీనే నిజమైన ప్రేమకు ప్రతిరూపంగా నిలిపి ఒక గ్రంథం రాశాడు.

1697లో కాంబ్రే ఆర్చిబిషప్ ఫెనెలోన్ పరిశుద్ధుల సూక్తులను వివరిస్తూ రాసిన పుస్తకంలో ప్రేమను అయిదు రకాలుగా విడదీసి, స్వలాభం కలవని ప్రేమను అన్నిటికన్నా పైన ఉంచాడు. ఆయనకు బలమైన ఆధారాలే ఉన్నాయి. ప్రజల కోసం తన పేరు దేవుని గ్రంథంలోంచి తుడిచివేయమన్నాడు మోషే. స్వజనుల కోసం తాను శాపగ్రస్తుడైనా సరేనన్నాడు పౌలు. మో బిషప్ బొస్సుయే దీన్ని ఒప్పుకోలేదు. మనిషి ఏ పని చేసినా ఆనందం కోరే చేస్తాడని అగస్టీను బోధ. నిరీక్షణ ఉంచమన్నది దేవుడే అయినప్పుడు దాన్ని వదిలేయడం భక్తి ఎలా అవుతుందన్నది బొస్సుయే వాదన. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. ఇలాంటి ప్రేమనే బోధించగా ఫెనెలోన్ సమర్థించిన మదాం గుయోన్‌ను ఏళ్ళ తరబడి చెరలో ఉంచడంలో మాత్రం నాకు ఏ న్యాయమూ కనిపించదు.

1699 తీర్పులో రోమ్ ఫెనెలోన్ పుస్తకం నుంచి ఖండించిన 23 ప్రతిపాదనల్లో మొదటిదాన్ని జాగ్రత్తగా చదవాలి. భయమూ ప్రతిఫలాపేక్షా ఏమాత్రం కలవని ప్రేమలో మనిషి నిత్యం నిలిచి ఉండే స్థితి ఒకటి ఉందన్న మాటను తీర్పు తోసిపుచ్చింది. అలాంటి ప్రేమ ఒక ప్రార్థనలో, ఒక త్యాగంలో, ఒక ఘడియలో కలగదని మాత్రం అనలేదు. అంటే బెర్నార్డు గీసిన గీత దగ్గరే తీర్పు ఆగింది. నిష్కామత్వం భక్తుడికి దక్కే హోదా కాదు. అతడు మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని అది.

ప్రభువు నేర్పిన ప్రార్థన కూర్పు కూడా ఇలాగే ఉంది. దేవుని నామం, రాజ్యం, చిత్తం ముందు వస్తాయి. తర్వాత ఆనాటి ఆహారం అడుగుతాం. కాబట్టి అడగడంలో స్వార్థం లేదు. ఆ వరుసను తలకిందులు చేసి, దేవుణ్ణి ఆహారానికి దారిగా మార్చుకున్నప్పుడు స్వార్థం మొదలవుతుంది. మన తెలుగు సంఘాల్లో ఉద్యోగం, వీసా, స్వస్థత కోసం చేసే ఉపవాస ప్రార్థనలను చులకన చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. కష్టంలో ఉన్న బిడ్డ తండ్రినే అడుగుతాడు. దశమభాగాన్ని పెట్టుబడిగా, ఆశీర్వాదాన్ని దానిపై రాబడిగా బోధించడం వేరు. అక్కడ దేవుడికి బదులు మరెవరు ఆ రాబడి ఇచ్చినా ఆరాధనలో తేడా ఏమీ రాదు.

యోబు లాభం లేకుండా భక్తిగా ఉంటాడా అని సాతాను అడిగాడు. ఆ గ్రంథం చివరి అధ్యాయంలో యోబు తనను నిందించిన స్నేహితుల కోసం ప్రార్థిస్తాడు. పోయినవన్నీ దేవుడు తిరిగి ఇచ్చింది ఆ తర్వాతే. ప్రార్థించే వేళకు యోబుకు పిల్లలు లేరు, మందలు లేవు, అవి తిరిగి వస్తాయని దేవుడు అతనికి మాట ఇచ్చినట్టు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు.