ఘంటసాల వారి కడపటి రికార్డు

నర్సీపట్నమునకు ఎగువన, మన్యపు కొండల అంచున కృష్ణదేవిపేట ఉన్నది. 1922 ఆగస్టు 23వ తేదీన అల్లూరి సీతారామరాజు ఆ ఊరి పోలీసు ఠాణాపై దాడి చేసి తుపాకులను పట్టుకొనిపోయినారు. 1924 మే 7వ తేదీన కొయ్యూరు వద్ద ఆయన తుపాకి గుండ్లకు బలియైనారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది.

తిరుగుబాటు మొదలైన ఆ 1922లోనే, డిసెంబరు 4వ తేదీన, గుడివాడ చెంత చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారు జన్మించినారు. విజయనగరమున మధుకరము చేసికొని, పట్రాయని సీతారామశాస్త్రి గారి యొద్ద సంగీతము నేర్చినారు. 1942 ఉద్యమమున చెరసాలకు వెళ్లినారు. అట్టి గాయకునికి మన్యపు వీరుని తలచుకొను అవకాశము జీవితపు చివరి అంకమున వచ్చినది.

ఆరోగ్యము సడలిన ఆ దినములలో వారు రెండు పనులు నెరవేర్చినారు. ఒకటి, ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రమునకు శ్రీశ్రీ వ్రాసిన మేల్కొలుపు గీతమును వి. రామకృష్ణ గారితో కలిసి పాడుట. రెండవది, హెచ్.ఎం.వి. వారికి ‘భగవద్గీత’ను రికార్డు చేయుట. గీతలోని ఏడువందల శ్లోకములలో కొన్నింటిని ఏరి, తామే స్వరపరచి, శ్లోకమును రాగమున పాడి, తాత్పర్యమును తేట తెలుగు వచనమున చెప్పినారు. చదువురాని ముసలమ్మకు సైతము బోధపడునట్టి పద్ధతి అది.

1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల వారు మదరాసున కన్నుమూసినారు. గీత రికార్డు ఆ తరువాతనే శ్రోతలకు అందినది. చిత్రము మే 1వ తేదీన విడుదలైనది. వీరుడు నేలకొరిగి ఏబది యేండ్లు నిండుటకు అప్పటికి ఆరు దినములే కొరత. శ్రీశ్రీ గీతమునకు జాతీయ పురస్కారము లభించినది. దానిని పాడిన కంఠము అప్పటికే మూగవోయినది.

తరువాత జరిగినది మనమెరిగినదే. గీత రికార్డు మన ఊళ్లలో చావు కబురుగా మారినది. వీధిలో ఆ స్వరము మైకున వినవచ్చినంతనే, ‘ఎవరు పోయినారు?’ అని గడపలోనికి వచ్చి అడుగుచున్నాము. పిల్లలు రేడియోలో ఆ శ్లోకము విని కట్టివేయుమనిన ఇండ్లను కూడ మేమెరుగుదుము.

శ్రోతలు ఒక్క మాట ఆలోచింపవలెను. కృష్ణుడు గీతను చెప్పినది విల్లు జారవిడిచి రథముపై చతికిలబడిన బ్రతికియున్న మనిషికి. వినిన పిదప ఆ మనిషి లేచినాడు. ఘంటసాల వారు అదే కాలమున పాడిన రెండవ పాట కూడ లెమ్మనియే పిలుచుచున్నది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన వినినచో, ఒక్క కంఠము ఒక్క మాటనే రెండు విధముల చెప్పినట్లు తోచును.

కనుక ఈసారి ఆ గీత వినవచ్చినపుడు, ఎవరు పోయినారని అడుగుటకు ముందు, మన ఇంట విల్లు దించి కూర్చున్నవారు ఎవరైన ఉన్నారేమో చూచుకొందము. వారి చెంతకు రేడియోను కొంచెము జరుపుదము.