స్టెప్నీ వీధి నుంచి ట్రైలర్ బంపర్ దాకా

అమెరికా వచ్చిన కొత్తల్లో ఓ టైర్ల షాపుకెళ్ళి "స్టెప్నీలో కూడా గాలి చూడండి" అన్నాను. కౌంటర్ దగ్గరాయన నా మొహంలోకి చూశాడు. యాస కాస్త మార్చి మళ్ళీ చెప్పాను. లాభం లేదు. చివరికి డిక్కీ తెరిచి వేలు పెట్టి చూపిస్తే "ఓ, స్పేర్!" అన్నాడు. మన ఊళ్ళో లారీ క్లీనర్ కుర్రాడికి కూడా తెలిసిన ఇంగ్లీషు ముక్క ఇంగ్లీషు మాట్లాడేవాడికి తెలీకపోవడం ఏమిటా అని అప్పట్నుంచీ ఓ అనుమానం.

అది నిజంగా ఇంగ్లీషు మాటే. కాకపోతే వాళ్ళు మర్చిపోయారు, మనం దాచుకున్నాం.

1900 ప్రాంతంలో కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. అసలు చక్రం ఊడొచ్చేదే కాదు. చెక్క పుల్లల చక్రం ఇరుసుకి బిగించేసి ఉండేది. రోడ్ల మీదేమో గుర్రబ్బళ్ళ రాజ్యం, ఎక్కడ చూసినా నాడాల మేకులు. పంక్చరైతే చక్రం బండికి ఉండగానే టైరు ఊడదీసి, ట్యూబు లాగి, అతుకేసి, మళ్ళీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టాలి. వర్షం పడుతుంటే ఆ ముచ్చట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1904లో వేల్స్ దేశంలోని లనెల్లి అనే ఊళ్ళో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన దీనికో ఉపాయం కనిపెట్టాడు. పుల్లలు లేని వట్టి రిమ్ము, దాని మీద ముందే గాలి కొట్టి పెట్టిన టైరు. పంక్చరైన చక్రాన్ని ముట్టుకోనక్కర్లేదు. దాని పక్కనే ఈ రిమ్మును ఆనించి బిగింపులతో కట్టేసి బండి నడుపుకోవడమే. వాళ్ళ దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. అందుకని దానికి 'స్టెప్నీ చక్రం' అని పేరు పెట్టి, అన్నదమ్ములిద్దరూ కలిసి కంపెనీ నడిపారు. బ్రిటిష్ ఏలుబడి ఉన్న చోటికల్లా అది ఓడెక్కి వెళ్ళింది. మన దేశానికీ అలాగే వచ్చింది. తర్వాత చక్రం పోయింది, కంపెనీ పోయింది, పేరు మాత్రం మన దగ్గరా, బంగ్లాదేశ్‌లోనూ, మాల్టాలోనూ మిగిలింది. ఇన్నాళ్ళూ మనం వాడుతున్నది ఓ వీధి పేరన్నమాట :)

ఇక్కడ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఆ స్టెప్నీని కారు బయట, డ్రైవర్ పక్కనే తగిలించుకునేవాళ్ళు. ఎక్కుతూ దిగుతూ కంటికి కనిపిస్తూనే ఉండేది.

దాన్ని వెనక్కి నెట్టింది ఊడొచ్చే చక్రం. 1906లో ఫ్రాన్సులో లె మాన్ దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీలో రెనో కారు నడిపిన ఫెరెంక్ సిస్ గెలిచాడు. మిగతావాళ్ళలో చాలామంది కత్తులతో టైర్లు కోసి పీకుతుంటే, ఆయన కారుకి మిషెలిన్ వాళ్ళ ఊడొచ్చే రిమ్ములున్నాయి. టైరు మార్పు కొద్ది నిమిషాల పనైపోయింది. ఫోర్డ్ మోడల్ టీకి అలాంటి రిమ్ములు 1919లో వచ్చాయి. ఇక అదనపు చక్రం ఓ పద్ధతిగా కారుతో పాటు రావడం మొదలైంది.

అప్పట్నుంచీ స్టెప్నీ చరిత్ర అంటే అది కనుమరుగైన చరిత్రే. మొదట పక్కన ఉండేది. తర్వాత కారు వెనక్కి వెళ్ళింది. 1940లో లింకన్ కాంటినెంటల్ అయితే దాన్నో అలంకారం చేసి నిలబెట్టింది. తర్వాత డిక్కీలో చాప కిందకి దిగింది. పికప్ ట్రక్కుల్లో బండి కిందకే పోయి ఇనప తాడుకి వేలాడింది. ఆ తర్వాత చిక్కిపోయి గంటకి 50 మైళ్ళు దాటకూడని బుల్లి చక్రమైంది. చివరికి మాయమే అయిపోతోంది. అమెరికాలో 2015 మోడల్ కార్లలో 36 శాతానికి స్టెప్నీ లేదని ట్రిపుల్ ఏ వాళ్ళు లెక్క తేల్చారు. మన దగ్గర కూడా ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు, గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు ఉంటే చిన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో రూలు మార్చారు.

కార్ల సంగతి సరే. లాక్కెళ్ళే ట్రైలర్ ఇంటికి ఇది కుదరదు. వాలీ బయమ్ 1931లో ఎయిర్‌స్ట్రీమ్ మొదలెట్టిన దగ్గర్నుంచీ ఈ ఇళ్ళ బతుకంతా టైర్ల మీదే. ఏడాదిలో పది నెలలు కదలకుండా ఎండలో నిలబడి, మిగతా రెండు నెలలు పూర్తి బరువుతో వందల మైళ్ళు దొర్లాలి. టైరు అరక్కముందే రబ్బరు ముసలిదైపోతుంది. కార్లలో గాలి సెన్సర్లు తప్పనిసరి చేసిన అమెరికా చట్టం ట్రైలర్లకి వర్తించదు. లాగే ట్రక్కు స్టెప్నీ ట్రైలర్‌కి పనికొస్తుందనే నమ్మకమూ లేదు, బోల్టుల లెక్కే వేరు కావచ్చు.

మరి ట్రైలర్‌కి డిక్కీ లేదే, స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? ముందున్న కొక్కెం కమ్మీల మీద, లేదా ఫ్రేము కింద, లేదా వెనక బంపర్ మీద. చాలామందిది బంపర్ మీదే. మాదీ అంతే.

కొన్నేళ్ళ క్రితం డల్లాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నాం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రైలర్. బయల్దేరే ముందు ఎక్సెల్‌లో లిస్టు రాసి ఒక్కోదానికీ టిక్కు పెట్టాను. 'స్టెప్నీ: ఉంది' అని కూడా. న్యూమెక్సికోలో టుకుంకారి దాటాక పక్కన వెళ్తున్న ఓ లారీ ఆయన హారన్ కొట్టి వెనక్కి చూపించాడు. ట్రైలర్ ఎడమవైపు టైరు చీలికలై కొట్టుకుంటోంది. రెండు ఇరుసుల బండి కాబట్టి నాకు తెలియనే లేదు.

పక్కకి ఆపి, వెనక్కెళ్ళి, స్టెప్నీ మీదున్న వినైల్ తొడుగు లాగాను. పక్కగోడ నిండా పగుళ్ళు. గాలి పదిహేను పీఎస్‌ఐ కూడా లేదు. డీఓటీ అక్షరాల చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్క వేస్తే టైరు వయసు తొమ్మిదేళ్ళు. అది కాదు నన్ను భయపెట్టింది. టైరు కాస్త పట్టుకుని ఊపితే బంపరే ఊగింది. ఫ్రేముకి అతికిన చోట వెల్డింగు సగం దాకా చీలి ఉంది.

ఆ బంపర్ అనేది నాలుగంగుళాల పల్చటి డబ్బా గొట్టం. మురుగు పైపు దాచుకోడానికి పెట్టింది. దాని మీద నలభై యాభై పౌండ్ల చక్రం వేలాడేశారు. ఇరుసులకి అంత వెనకగా ఉండటంతో ప్రతి గతుక్కీ అది కిందకీ పైకీ ఊగుతుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచి విరిచినట్టే, వేల గతుకుల తర్వాత వెల్డింగు విరుగుతుంది. ఇంకో వంద మైళ్ళు వెళ్ళుంటే బంపరూ చక్రమూ కలిసి వెనకొచ్చే ఎవరి అద్దం మీదో పడేవి. వాళ్ళ కార్లో కూడా నా పిల్లల్లాంటి పిల్లలే ఉంటారు కదా.

"ఏమండీ, దీనికేనా మీరు టిక్కు పెట్టింది?" అంది మా ఆవిడ. సమాధానం లేదు. సహాయం బండి వచ్చేదాకా మూడు గంటలు ఎండలో అదే ఆలోచించాను. ఆఫీసులో నా ఉద్యోగం డేటాబేసులు కాయడం. బ్యాకప్ ఉందని చెప్పిన ప్రతివాణ్ణీ "రీస్టోర్ చేసి చూశావా?" అని పీక్కుతింటాను.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. బంపర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేలా రెండు పక్కలా ఇనప పట్టీలు బోల్టులతో బిగించాను. ప్రతి ప్రయాణానికి ముందు తొడుగు తీసి వెల్డింగు, బ్రాకెట్టు నట్లు చేత్తో తడిమి చూస్తాను. ట్రైలర్ టైర్లకి చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి పెడతానో స్టెప్నీకీ అంతే. విడిగా కొన్న సెన్సర్లలో అయిదోది దానికే తగిలించాను. ఆరేళ్ళు దాటితే కొత్తగా కనిపించినా సరే తీసెయ్యడమే. జాకీ, నట్లకి సరిపడే పానా ట్రైలర్‌లోనే ఉంటాయి. ఏడాదికోసారి ఇంటి ముందే చక్రం విప్పి స్టెప్నీ ఎక్కించి చూస్తాను. చక్రం మార్చాక మొదటి యాభై మైళ్ళలో ఆగి నట్లు మళ్ళీ బిగిస్తాను. మీ స్టెప్నీ బండి కింద తాడుకి వేలాడేదైతే, ఏడాదికోసారి కిందకి దించి చూడండి. తుప్పు పట్టిన తాడు అవసరానికి దిగదు, అక్కర్లేనప్పుడు తెగిపడుతుంది.

లనెల్లి అన్నదమ్ముల చక్రం మొరటుదే. కానీ కళ్ళ ముందుండేది కాబట్టి దాన్నెవరూ మర్చిపోయి ఉండరు. మనం అందం కోసం, చోటు కోసం దాన్ని వెనక్కీ కిందకీ నెట్టి, పైన ముసుగు కూడా తొడిగాం. చూడనిదాన్ని ఉందనుకున్నాం.

ఇంతకీ మీ స్టెప్నీ వయసెంతో చెప్పగలరా, చూడకుండా?