కోల్‌కానన్ గిన్నెలో కరువు చరిత్ర

ఐర్లండ్‌కు వచ్చిన తెలుగువాళ్లకు ఇక్కడి తిండి మొదట్లో చప్పగా తోస్తుంది. ఉడికించి మెదిపిన బంగాళాదుంప, అందులో కేల్ ఆకో క్యాబేజీయో, నడుమ చేసిన గుంటలో కరుగుతున్న వెన్న. దీని పేరు కోల్‌కానన్. పోపు ఉండదు, కారం ఉండదు. చాలామంది చెయ్యి ఆవకాయ సీసా మీదికి పోతుంది. అందులో తప్పేమీ లేదు గానీ, ఒక్కసారైనా ఏమీ కలపకుండా తిని చూడాలి. హాలోవీన్ రాత్రి ఇందులో ఉంగరం దాచేవారట, దొరికినవారికి త్వరలో పెళ్లి అని.

లీట్రిమ్, కవన్ కౌంటీల వైపు వెళ్తే బాక్స్‌టీ పెడతారు. పచ్చి దుంప తురుము, ఉడికిన దుంప ముద్ద, పిండి, మజ్జిగ కలిపి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. మన అట్టుకు చుట్టమే. తెలుగు నాలుక దీనికి తొందరగా అలవాటు పడుతుంది. సోడా బ్రెడ్‌లోనూ మజ్జిగే. ఆ పులుపుకు వంటసోడా పొంగి, ఈస్ట్ లేకుండానే రొట్టె గుల్లవుతుంది.

అన్నిటిలో దుంపే ఎందుకు? మంచి భూములు దొరలవి. గోధుమలు, పశువులు కౌలు కట్టడానికే సరిపోయేవి. పేదవాడికి మిగిలిన చిన్న చెక్కలో ఏడాదంతా కడుపు నింపగలిగిన పంట ఇదొక్కటే. కాయకష్టం చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడు, మజ్జిగతో. పేదలు వేసిందీ ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం.

1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. నేలలో ఉన్న దుంపలు నల్లబడి కుళ్లిపోయాయి. 1852 దాకా సాగిన ఆ కరువును ఐరిష్ భాషలో ‘అన్ గోర్త మోర్’ అంటారు. మహాకరువు అని అర్థం. దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ రోజుల్లోనే ఇక్కడి రేవుల నుంచి ఓట్స్, వెన్న, పశువులు ఇంగ్లండ్‌కు పోతూ ఉన్నాయి. దేశంలో తిండి ఉంది, కొనే శక్తి లేదు.

లండన్ ఖజానా నుంచి సహాయపు పనులు నడిపించిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. బజారులో సర్కారు వేలు పెట్టకూడదన్నది ఆయన గట్టి నమ్మకం. ఆ మనిషే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆయన వెళ్లిపోయిన చాన్నాళ్లకు, 1876-78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప మాడిపోతున్నప్పుడు పాలకులు మళ్లీ అదే వాదం వినిపించారు. ఆ దత్తమండలాల పెద్దలు చెప్పిన కరువు కథలు విన్నవారికి ఐరిష్ ముసలమ్మ పళ్లెంలో ఒక్క దుంప ముక్కా ఎందుకు వదలదో వేరే చెప్పక్కర్లేదు.

ఐర్లండ్ కరువుకు దూరాన ఉన్నవాళ్లు స్పందించారు. కలకత్తాలో చందాలు పోగుచేసి పంపారు. అమెరికాలో సొంత నేల నుంచి తరిమివేతకు గురైన చోక్టా ఆదివాసులు 1847లో తమకున్నదాంట్లోంచి సొమ్ము కూడగట్టారు. కార్క్ కౌంటీ మిడిల్టన్ ఊళ్లో వాళ్ల గుర్తుగా తొమ్మిది ఉక్కు ఈకలు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. అటు వెళ్లే తెలుగువాళ్లు తప్పక చూడాలి.

1841 జనాభా లెక్కల్లో ఈ ద్వీపంలో 81 లక్షల పైచిలుకు జనం. ఇప్పుడు ఉత్తర ఐర్లండ్‌ను కలుపుకున్నా 70 లక్షల చిల్లరే. ఆనాటి లెక్కను ఐర్లండ్ ఇంకా అందుకోలేదు.