పాత మోటారు, కొత్త రాకెట్టు

మన అనకాపల్లి చుట్టుపక్కల ఎద్దుల గానుగలు పోయి క్రషర్లు వచ్చినప్పుడు బెల్లం వండే పెనాన్నీ పొయ్యినీ ఎవరూ పారేయలేదు. రసం తీసే యంత్రం మారిందంతే, మిగతా పని అలాగే సాగింది. భారీ రాకెట్ల చరిత్ర కూడా చాలావరకు ఇలాంటిదే. శ్రీహరికోట నుంచి లేచిన మన రాకెట్లను వరుసగా నిలబెట్టి చూస్తే, ప్రతిదానిలోనూ దాని ముందుదాని భాగం ఏదో ఒకటి కనిపిస్తుంది. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, ఇంజనీరుగా నేను ఇష్టంగా చదువుకున్న ఆ చరిత్రే రాయాలనిపించింది.

1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వి-3 బరువు 17 టన్నులు. అది మోయగలిగింది 40 కిలోలే. దాని మొదటి అంచె సుమారు 9 టన్నుల ఘన ఇంధనం పట్టే మోటారు. తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వికి ఆ మోటారునే నడుమ ఒకటి, పక్కల రెండు చొప్పున కట్టారు. లక్ష్యం 150 కిలోలు. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ 1987 మార్చిలో పక్క మోటార్లు కాలిపోయాక నడిమి మోటారు అంటుకోలేదు. 1988 జులైలో పక్కవి ఆరిపోయి నడిమిది అందుకునేలోగా రాకెట్టు అదుపు తప్పింది. మా తరం హైస్కూల్లోనూ కాలేజీలోనూ ఉన్న రోజులవి. మోటారు పాతదే, నమ్మకమైనదే. తేడా వచ్చింది ఒకదాని నుంచి ఇంకొకటి పని అందుకునే చోట. దాన్ని సరిదిద్దాకే 1992 మే 20న విజయం దక్కింది.

పీఎస్‌ఎల్‌విలో అవే చిన్న మోటార్లు ఆరు, ఒక పెద్ద ఘన మోటారు చుట్టూ చేరాయి. రెండో అంచెలో వికాస్ అనే ద్రవ ఇంధన ఇంజను ఉంది. 1974లో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందం ప్రకారం మన ఇంజనీర్లు అక్కడి వైకింగ్ ఇంజను పనిలో పాలుపంచుకుని నేర్చుకున్న విద్య అది. 1993లో మొదటి ప్రయోగం విఫలమైనా, 1994 అక్టోబరు 15న పీఎస్‌ఎల్‌వి నిలదొక్కుకుంది.

రెండు టన్నుల ఉపగ్రహాన్ని భూస్థిర కక్ష్య దారిలో పెట్టాలన్నప్పుడు జీఎస్‌ఎల్‌వి పుట్టింది. పీఎస్‌ఎల్‌వి పెద్ద మోటారును నడుమ పెట్టి, చిన్న మోటార్ల బదులు వికాస్ ఇంజన్లున్న నాలుగు ద్రవ స్ట్రాపాన్‌లు కట్టారు. రెండో అంచెకూ వికాసే. పైన రష్యా క్రయోజెనిక్ అంచె. 2001 ఏప్రిల్ 18న అది ఎగిరింది.

ఈ పొదుపుకు చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. నడిమి ఘన మోటారు దాదాపు 100 సెకన్లలో కాలిపోతుంది. పక్కనున్న ద్రవ ఇంజన్లు దాదాపు 150 సెకన్లు మండుతాయి. అంటే మిగిలిన 50 సెకన్లూ ఆ ఖాళీ ఉక్కు తొడుగును ఊరికే మోయాలి. అంతరిక్షంలోకి వెళ్లే దారిలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. చేతిలో ఉన్న భాగాలతో త్వరగా కట్టినందుకు అది కట్టిన వడ్డీ.

ఇంకొక మూల్యం 2006 జులై 10న తెలిసింది. నాలుగు స్ట్రాపాన్‌లలో ఒకదాని ఇంజను శక్తి కోల్పోయి, ఇన్‌శాట్-4సితో సహా రాకెట్టు నాశనమైంది. విచారణలో వేలు చూపింది ఆ ఇంజనులోని ఒక రెగ్యులేటరు వైపు. తయారీలో వచ్చిన లోపం తనిఖీల్లో పట్టుబడలేదని భావించారు. డిజైను ఎన్నిసార్లు నెగ్గినా, ఈసారి చేసిన ముక్క ఈసారి సరిగా ఉండాల్సిందే.

నాలుగు టన్నుల ఎల్‌వీఎం3కి వచ్చేసరికి మనవాళ్లు అమరికనే తిరగేశారు. ఒక్కొక్కటి 200 టన్నులకు పైగా ఇంధనం పట్టే రెండు కొత్త ఘన మోటార్లు పక్కలకు వెళ్లాయి. అవి ముందు కాలిపోయి రాలిపోతాయి. నడుమకు రెండు వికాస్ ఇంజన్ల ద్రవ అంచె వచ్చింది. అది గాల్లోనే అంటుకుంటుంది. ఖాళీ తొడుగు మోసే బాధ తప్పింది. పైన మన సొంత క్రయోజెనిక్ ఇంజను. 2017 జూన్ 5న జీశాట్-19ని, 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసింది ఈ 640 టన్నుల రాకెట్టే. పాత ఇంజనును ఉంచుకున్నారు, పాత అమరికను వదులుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే.

అమెరికాదీ ఇదే బాట. 1961లో ఎగిరిన సాటర్న్-1 మొదటి అంచెలో, జూపిటర్ క్షిపణి వెడల్పున్న ట్యాంకు చుట్టూ రెడ్‌స్టోన్ క్షిపణి వెడల్పున్న ఎనిమిది ట్యాంకులు చేర్చారు. 2022 నవంబరు 16న చంద్రుడి వైపు సాగిన ఆర్టెమిస్-1 రాకెట్టు నాలుగు ప్రధాన ఇంజన్లూ అంతకుముందు స్పేస్ షటిల్‌లో ఎగిరినవే. అయినా ఆ రాకెట్టు అనుకున్నదానికన్నా ఏళ్ల తరబడి ఆలస్యమైంది, ఖర్చూ పెరిగింది. పాత సామాను ఉన్నంతమాత్రాన పని చవకగా తెమలదు.

2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన తర్వాతి తరం రాకెట్టు లక్ష్యం భూమికి దగ్గరి కక్ష్యకు 30 టన్నులు. దాని మొదటి అంచెను తిరిగి వాడుకోవాలన్నది సంకల్పం. ఇంధనం మీథేను, ద్రవ ఆక్సిజను. అంటే వికాస్ ఇంజనుకు అందులో చోటు లేదు. ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తేల్చేది ఇప్పుడు బడుల్లో ఉన్న పిల్లలే. వాళ్లలో మన బడి పిల్లలూ ఉండాలని కోరుకుంటున్నాను.