చిగుళ్ళ వ్యాధి: లేజరు చికిత్స ఎంతవరకు?

పళ్ళు తోముకునేటప్పుడు రక్తం కనబడడం, నోటి దుర్వాసన, చిగుళ్ళు దిగజారి పళ్ళు పొడవుగా అగుపించడం, చివరకు అవి కదలడం పయోరియా లక్షణాలు. తొలిదశలో నొప్పి ఉండదు. అందువల్లనే పన్ను కదిలిన తరువాత గాని చాలామంది వైద్యుని దరిచేరరు. పొగతాగేవారికి రక్తం కూడా తక్కువగా కనబడుతుంది కనుక, చుట్టలకు, ఒడిశా సరిహద్దు తీరాన అడ్డపొగకు అలవాటుపడినవారు రక్తం రావడం లేదని నిశ్చింతగా ఉండరాదు.

పంటిపై పేరుకున్న పాచిని రోజూ తొలగించకపోతే అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. చిగురు పంటిని విడిచి సంచివలె లోతవుతుంది. ఆరోగ్యవంతమైన చిగురులో ఈ లోతు 1 నుండి 3 మిల్లీమీటర్లు. అంతకు మించిన లోతున ఉన్న గారను బ్రష్షు గాని, వేపపుల్ల గాని అందుకోలేవు. దానిని దంతవైద్యుడు పరికరాలతో గీకి తీయవలసిందే. దీనినే స్కేలింగ్, రూట్ ప్లానింగ్ అంటారు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న మాట మన ఊళ్ళలో బలంగా నాటుకుని ఉంది. వాస్తవానికి ఎముక అంతకుముందే కరిగి ఉంటుంది. పంటిని పట్టి ఉంచిన గార తొలగగానే ఆ కదలిక బయటపడుతుంది, అంతే.

ఈ శుభ్రతకు తోడుగా కొన్ని క్లినిక్కులు లేజరును వాడుతున్నాయి. సన్నని గాజుపోగు ద్వారా కాంతిని సంచిలోకి పంపి సూక్ష్మజీవులను నశింపజేయడం దీని ఉద్దేశం. విరివిగా వాడుకలో ఉన్న డయోడ్ లేజరు గారను తీయలేదు. ఎర్బియం రకం తీయగలదు గాని, ఆ యంత్రం ఖరీదెక్కువ. రంగుమందును సంచిలో నింపి, తక్కువ శక్తిగల లేజరుతో దానిని చైతన్యపరచే ఫోటోడైనమిక్ పద్ధతి మరొకటి.

ప్రయోజనం మాటకొస్తే, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు ఫోటోడైనమిక్ పద్ధతిని మాత్రమే, అదీ బలహీనంగా, సమర్థించాయి. తక్కిన లేజర్లను తోడుగా వాడనక్కరలేదన్నాయి. ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020లో ఈ రెంటినీ వాడవద్దని సూచించింది. కనుక శుభ్రత లేకుండా లేజరు ఒక్కటే చాలునని ఎవరైనా చెబితే నమ్మరాదు. అదనపు సొమ్ము చెల్లించేముందు, దానివల్ల తమకు ఒనగూడే మేలేమిటో నిలదీసి అడగడం రోగి హక్కు. ఒకవేళ చేయించుకుంటే వైద్యునితోపాటు రోగి కూడా రక్షణ కళ్ళద్దాలు ధరించాలి.

మధుమేహం ఉన్నవారు మాత్రం ఆలస్యం చేయరాదు. చిగుళ్ళ చికిత్స తరువాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గినట్లు 2022 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

బెంగళూరు, చెన్నై, కటక్, నాగపూర్‌లలోని ప్రభుత్వ దంత కళాశాలల్లో చిగుళ్ళకు ప్రత్యేక విభాగాలున్నాయి. చికిత్సకు ముందు సంచుల లోతును చీటీపై వ్రాయించుకుని, మూడు నెలల తరువాత మళ్ళీ కొలిపించుకోవాలి.