సర్క్యూట్ బెండింగ్: పాత కీబోర్డుల్లోంచి కొత్త ధ్వనులు

బ్యాటరీలతో నడిచే చిన్న కీబోర్డునో, మాట్లాడే బొమ్మనో విప్పి, తయారీదారు విడివిడిగా ఉంచిన రెండు చోట్లను తీగతో కలిపి, అందులో ఎవరూ పెట్టని ధ్వనులను రాబట్టే పద్ధతిని సర్క్యూట్ బెండింగ్ అంటారు. దీనికి ఎలక్ట్రానిక్స్ చదువు అక్కర్లేదు. ఓపిక, శ్రద్ధగా వినే చెవి ఉంటే చాలు.

ఈ విద్యకు ఆద్యుడిగా చెప్పుకునే రీడ్ గజాలాది అమెరికాలోని సిన్సినాటి. 1960ల మధ్యలో, ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు, వెనక మూత లేని చిన్న యాంప్లిఫయర్ ఒకటి ఆయన డెస్కు సొరుగులో ఉండేది. దాని సర్క్యూట్ ఏదో లోహానికి తగిలి షార్టయి, సింథసైజర్‌ను తలపించే మోతలు మొదలుపెట్టింది. పొరపాటున తగిలితేనే ఇలా మోగితే కావాలని తగిలిస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆయనను ఏళ్ల తరబడి నడిపించింది. షార్ట్ అయ్యే చోట్ల స్విచ్చులు బిగించాడు. వేలితో తాకితే ఒంటిగుండా కరెంటు పారి స్వరం మారేలా లోహపు బిళ్లలు అమర్చాడు.

సర్క్యూట్‌ను హద్దు దాటించి వినడం అంతకుముందూ ఉంది. 1956లో వచ్చిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాకు లూయీ, బీబీ బారన్ దంపతులు తాము కట్టిన సర్క్యూట్లను మాడిపోయేదాకా నడిపి ధ్వనులు రికార్డు చేశారు. 1970లలో నెదర్లాండ్స్‌కు చెందిన మిషెల్ వైస్విస్ వేళ్లతో సర్క్యూట్‌ను తాకి వాయించే ‘క్రాకిల్ బాక్స్’ తయారుచేశాడు. వారు సర్క్యూట్లను తామే కట్టుకున్నారు. గజాలా దుకాణంలో దొరికే బొమ్మను తీసుకున్నాడు. అందుకే ఈ విద్య సామాన్యుడికి అందింది. 1992 నుంచి ‘ఎక్స్‌పెరిమెంటల్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్’ పత్రికలో ఆయన దీన్ని విడమరిచి రాశాడు. కనుగొన్నదాన్ని దాచుకోకుండా నేర్పడమే ఆయన చేసిన అసలు మేలు.

బెండింగ్ చేసేవారికి బాగా నచ్చిన బొమ్మ ‘స్పీక్ అండ్ స్పెల్’. 1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన ఇది పిల్లలకు స్పెల్లింగులు నేర్పేది. తీగలు కలిపితే అదే గొంతు నత్తిగా, అర్థం కాని భాషగా మారిపోయేది. కీబోర్డుల్లో ఆ స్థానం క్యాసియో ఎస్‌కే-1ది. 1980ల మధ్యలో వచ్చిన ఈ 32 మీటల వాయిద్యం దాదాపు 1.4 సెకన్ల శబ్దాన్ని మైకులో పట్టి, దాన్నే స్వరాలుగా పలికించేది. ప్రాసెసర్, మెమరీ చిప్పులు వేర్వేరుగా ఉండటం, వాటి కాళ్లు పైకి కనబడుతూ చేతికందడం దాని అదృష్టం. ఆ కాళ్లను ఒకదానితో ఒకటి కలిపితే మెమరీ నుంచి వెళ్లే సమాచారం దారి తప్పుతుంది. వేణువు నాదం మధ్యలో ముక్కలై, గరగరలాడి, తనంతట తాను కొత్త లయ పట్టుకుంటుంది. ఏ రెండు కాళ్లు కలిపితే ఏమొస్తుందో వినేదాకా తెలియదు.

కొత్తవారు బ్యాటరీ పరికరాన్నే ఎంచుకోవాలి. గోడ ప్లగ్గుకు తగిలించినదాన్ని, అడాప్టరుతోనైనా సరే, ఎన్నడూ విప్పి ముట్టుకోకూడదు. ఒక స్వరం మోగుతుండగా, రెండు కొసలకు క్లిప్పులున్న తీగతో బోర్డు మీద రెండేసి చోట్లు క్షణకాలం తాకిస్తూ, బాగున్న జతను కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. బ్యాటరీ తీగలు వచ్చి కలిసే చోటికి పోకూడదు. ఏ భాగమైనా వేడెక్కినా, నిప్పురవ్వ కనిపించినా వెంటనే తీగ తీసేయాలి. పరికరం బిగుసుకుపోతే బ్యాటరీలు తీసి మళ్లీ పెడితే చాలాసార్లు కోలుకుంటుంది. నచ్చిన జతలకు తర్వాత స్విచ్చులు సోల్డరింగ్ చేస్తారు.

2004లో న్యూయార్క్‌లో ‘బెంట్ ఫెస్టివల్’ మొదలైంది. మరుసటి ఏడాదే గజాలా పుస్తకం వచ్చింది. కానీ ఆపాటికే చవక కీబోర్డుల లోపలి తీరు మారిపోయింది. పనులన్నీ ఒకే చిప్పులోకి చేరాయి, దాని మీద నల్లటి జిగురు ముద్ద పడింది, తాకడానికి కాళ్లే లేవు. ఎస్‌కే-1 వంటి పాతవాటి కోసం వెతుకులాట అందుకే. అయినా అలాంటి చాలా బొమ్మల్లో చిప్పు వేగాన్ని నిర్ణయించే రెసిస్టర్ ఒకటి జిగురు బయటే ఉంటుంది. దాన్ని తీసి, వాల్యూమ్ తిప్పడానికి వాడేలాంటి పొటెన్షియోమీటర్ పెడితే పాట మొత్తం శ్రుతి దిగి మూలుగుగానో, పైకెగసి కీచుగానో మారుతుంది. నేర్చుకునేవారిలో చాలామంది మొదట చేసే మార్పు ఇదే.