చిన్న కమతం, పెద్ద కమతం: సామర్థ్యమంటే ఏమిటి?

పెద్ద కమతమే సమర్థమైనదనీ, చిన్న రైతు వెనుకబాటుతనానికి గుర్తనీ ఒక అభిప్రాయం మన విద్యావంతుల్లో చాలాకాలంగా పాతుకుపోయివుంది. భూసంస్కరణల్ని వ్యతిరేకించినవారికి యీ వాదం బాగా అక్కరకు వచ్చింది. సమష్టి సేద్యాన్ని కోరిన అభ్యుదయవాదులు సైతం అనేకులు దీన్ని పరీక్షించకుండానే అంగీకరించారు. కనుక యీ అభిప్రాయం వాస్తవాల ముందు ఎంతవరకు నిలిచిందో చూడటం అవసరం.

1954లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిత్వశాఖ పూనికతో వ్యవసాయ నిర్వహణ పరిశీలనలు ఆరంభమైనాయి. మీరట్, హుగ్లీ, సేలం, అకోలా వంటి జిల్లాల్లో ఎంపికచేసిన గ్రామాలకు పోయి రైతుల ఖర్చునూ, పంటనూ మూడేళ్లపాటు లెక్కగట్టారు. తరువాత 1957-60లో మన పశ్చిమ గోదావరి జిల్లాలో కూడా ఇట్టి పరిశీలన జరిగింది. తొలి ఫలితాలు చాలామందిని తికమకపెట్టాయి. కమతం పెద్దదైనకొద్దీ ఎకరానికి వచ్చే పంట విలువ పెరగటానికి బదులు తగ్గుతూ వచ్చింది!

1962లో అమర్త్య సేన్ 'ఎకనామిక్ వీక్లీ'లో యీ లెక్కల్లోని చిక్కును చర్చకు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ చేసే చాకిరీకి బజారు కూలిరేటు కట్టి చూస్తే చిన్న సేద్యం చాలాచోట్ల నష్టంగా తేలుతుంది. లాభం లెక్కన పెద్ద కమతానిది పైచేయి. ఎకరా దిగుబడి లెక్కన చిన్న కమతానిది. కారణం స్పష్టమే. ఇచ్చే కూలికి తగిన పంట రాదనుకున్నచోట ఆసామి పని ఆపిస్తాడు. బయట పని దొరకని చిన్నరైతుకు ఆ హద్దు లేదు. ఇంకొక కుంచెడు గింజలు వస్తాయన్న ఆశ వున్నంతవరకు భార్యాబిడ్డలతో సహా చేలో వంగి కలుపు తీస్తూనే వుంటాడు. అతని సామర్థ్యాన్ని మెచ్చుకొనేవారు దాని వెనుకనున్న గతిలేనితనాన్ని మరువరాదు.

1964లో అమెరికన్ ఆర్థికవేత్త షుల్ట్జ్, సంప్రదాయ రైతు తనకున్న వనరుల్ని వృథా చేయడని వాదించాడు. రైతు సోమరి, మూర్ఖుడు అన్న నిందను తుడిచివేయటంలో యీ వాదానికి విలువ వుంది. అయితే ఆ వనరులు అతనికి అంత కొంచెమే ఎందుకు మిగిలాయన్న ప్రశ్నకు అందులో తగిన చోటు లేదు. కౌలు, వడ్డీ, కళ్ళంలోనే ధాన్యం అమ్ముకోవలసిన అగత్యం - ఇవి లేని పల్లె ఏది? పేదరైతు బజారులోకి ఇష్టపడి కాక, విధిలేక దిగుతాడని 1974లో కృష్ణా భరద్వాజ్ తన గ్రంథంలో చూపింది.

ఈలోగా సేద్యమే మారింది. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం దిగుమతి అయింది. ఎరువుకూ, పంపుసెట్టుకూ, ట్రాక్టరుకూ రొక్కం కావలసివచ్చినచోట చిన్న కమతపు ఆధిక్యం సన్నగిల్లింది. చాకిరీతో నెగ్గినవాడు పెట్టుబడి ముందు ఓడిపోయాడు.

ఇది ముగిసిన వివాదం కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, నూటికి 86 కమతాలు చిన్న, సన్నకారు రైతులవే. 2018లో కేంద్రప్రభుత్వం ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతుధర ప్రకటించినప్పుడు రైతుసంఘాలు అడిగింది ఒక్కటే: ఏ ఖర్చుకు? ప్రభుత్వం చేతిఖర్చునూ, ఇంటివారి శ్రమనూ లెక్కవేసింది. సొంత భూమికి కౌలునూ, సొంత పెట్టుబడికి వడ్డీనీ కూడా కలపాలన్నది రైతుల కోర్కె. యీ ఖర్చుల విభజనకు మూలం ఆనాటి పరిశీలనల్లోనే వుంది.

కనుక సామర్థ్యమన్న మాట వినబడినప్పుడల్లా ఆ లెక్క ఎవరు కట్టారో, అందులో ఎవరి శ్రమకు ఎంత వెల వేశారో అడగటం మన విద్యార్థులు నేర్వవలసిన మొదటి పాఠం.